ఏమీ తెలియనట్టు ఓడెక్కినవాడు

1867 జూన్ 8, శనివారం. న్యూయార్క్ రేవులో వాన. 'క్వేకర్ సిటీ' అనే ఆవిరి ఓడ అరవై డెబ్బై మంది యాత్రికులను ఎక్కించుకుని గట్టు విడిచింది. విడిచి, రేవు చివరిదాకా వెళ్లి, అక్కడే లంగరు వేసింది. బయట సముద్రం మీద గాలివాన పట్టి ఉంది, పోవడానికి వీల్లేదు. అయిదు నెలల మహాయాత్రకని ఇంట్లోవాళ్లకు వీడ్కోలు చెప్పి వచ్చినవాళ్లు సోమవారం దాకా ఆ రేవులోనే కూర్చున్నారు.

యాత్రాకథ రాసేవాళ్లు మామూలుగా ఈ రెండు రోజులను ఒక వాక్యంలో దాటేస్తారు. ముప్పై ఒకటో ఏట ఆ ఓడెక్కిన శామ్యూల్ క్లెమెన్స్, అంటే మార్క్ ట్వేన్, దాటలేదు. నెలల తరబడి ఊరించిన ప్రయాణం మొదలైపోయింది, అయినా ఇంకా మొదలు కాలేదు. అలాంటప్పుడు మనిషి లోపల ఏం జరుగుతుందో చూస్తూ నిలబడ్డాడు. 1869లో అచ్చయిన అతని 'ది ఇన్నోసెంట్స్ అబ్రాడ్'లో అసలు పనితనం ఇలాంటి చోట్లే ఉందని నా నమ్మకం. ఆ పుస్తకం పేరెత్తగానే అందరికీ గుర్తొచ్చేవి పారిస్, రోమ్, వెనిస్, పిరమిడ్లు. నేను మాత్రం ఓడ మీద రోజులు గడిచే మొదటి అధ్యాయాల దగ్గరే ఎక్కువసేపు ఆగిపోతాను. విహార ఓడ మొదటిసారి ఎక్కిన మనిషి మనసును ఇంత దగ్గరగా పట్టుకున్న రచన నేను మరొకటి చదవలేదు.

ముందు ఆ యాత్ర సంగతి. బ్రూక్లిన్‌లోని ప్లిమత్ చర్చిలో హెన్రీ వార్డ్ బీచర్ అనే బోధకుడు ఉండేవాడు. ఆ రోజుల్లో అమెరికా అంతటా ఆయన పేరు మోగేది. ఆ చర్చి చుట్టూ ఉన్నవాళ్లు తలపెట్టిన యాత్ర ఇది. కెప్టెన్ చార్లెస్ డంకన్ దీని నిర్వాహకుడు, ఓడకు నాయకుడు కూడా ఆయనే. రెండు పక్కలా పెద్ద చక్రాలు తిరుగుతూ నడిచే ఆ ఓడ 1854లో ఫిలడెల్ఫియాలో తయారైంది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఉత్తరాది నౌకాదళంలో పనిచేసి వచ్చింది. టికెట్టు 1,250 డాలర్లు. అజోర్స్ దీవులు, జిబ్రాల్టర్, ఫ్రాన్స్, ఇటలీ, గ్రీసు, టర్కీ, క్రిమియా, పాలస్తీనా, ఈజిప్టు తిరిగి మళ్లీ న్యూయార్క్ చేరాలి. విహారం కోసం ఓడెక్కడం లోకంలో అదే మొదలు కాదు. 1844లోనే ఇంగ్లిష్ నవలాకారుడు థాకరే పి అండ్ ఓ కంపెనీ ఇచ్చిన ఉచిత టికెట్టు మీద మధ్యధరా తీరాలు తిరిగి పుస్తకం రాశాడు. కానీ ఇంతమంది అమెరికన్లు ఒక్క జట్టుగా, చూడ్డం కోసమే, పోయిన ఓడలోనే తిరిగొచ్చేట్టు అట్లాంటిక్ దాటడం కొత్త. ఓడ అప్పటిదాకా ఒక రేవు నుంచి ఇంకో రేవుకు చేర్చే సాధనం. ఇక్కడ అది నివాసమైంది, రేవులు చూసి వచ్చే చోట్లయ్యాయి. ఈ రోజు విహార ఓడ అంటే మనకు తెలిసిన పద్ధతి ఇదే. 2022లో విశాఖ రేవుకు కార్డీలియా ఓడ వచ్చినప్పుడు మొదటిసారి టికెట్టు కొన్న మన కుటుంబాలు ఎక్కినదీ ఇలాంటి ప్రయాణమే.

ట్వేన్ టికెట్టుకు డబ్బిచ్చింది శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక 'డైలీ ఆల్టా కాలిఫోర్నియా'. దారిపొడవునా ఆ పత్రికకు ఉత్తరాలు రాసి పంపాలని ఒప్పందం. ఆ ఉత్తరాలే తర్వాత పుస్తకానికి ముడిసరుకయ్యాయి.

ఇక్కడే నన్ను పట్టి ఆపిన సంగతి ఒకటుంది. పుస్తకంలో 'నేను' అంటూ మాట్లాడే మనిషి సముద్రమంటే ఏమీ ఎరగనివాడు. ఎక్కడ నిలబడాలో, ఏది ముట్టుకోవాలో తెలియక తిట్లు తింటాడు. కాగితం వెనకున్న మనిషి అలాంటివాడు కాడు. 1859లోనే మిసిసిపీ మీద ఆవిరి పడవలు నడపడానికి పైలట్ లైసెన్సు పొందాడు. ఆ నదిలో ఇసుక దిబ్బలు రోజు రోజుకూ చోటు మారతాయి. చీకట్లో ఆ దిబ్బల మధ్య నుంచి వందల మంది ప్రాణాలను దాటించిన చేతులు అతనివి. 1866లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి హవాయి దీవులకు ఓడలో వెళ్లి కొన్ని నెలలుండి తిరిగొచ్చాడు. ఆ ఏడాది చివర నికరాగువా మీదుగా న్యూయార్క్ బయల్దేరితే ఆ దారిలో ఓడలో కలరా లేచి, కళ్ల ముందే మనుషులు పోయారు. నీళ్ల మీద బతుకు అతనికి కొత్త కాదు. అయినా పుస్తకంలో కొత్తవాడుగా నిలబడ్డాడంటే ఆ కొత్తదనం అతను తయారుచేసుకున్నది. ఎంతో తెలిసిన మనిషి, తెలిసినదంతా పక్కన పెట్టి, తెలియనివాడి కళ్లతో చూడటం నేర్చుకుని, ఆ చూపును ఆరు వందల పేజీలకు పైగా చెదరకుండా నిలబెట్టాడు. తొలిచూపు దానంతటదే వస్తుందని మనం అనుకుంటాం. అది శ్రమపడి చెక్కే వస్తువు కూడా అని ఈ పుస్తకం చూపిస్తుంది.

ఆ చెక్కడం మొదటి పేజీల్లోనే కనిపిస్తుంది. యాత్ర నిర్వాహకులు అచ్చేసిన ప్రకటనను ట్వేన్ దాదాపు మొత్తంగా ఎత్తి పెట్టాడు. ఏ రేవులో ఎన్నాళ్లు, ఏ కొండ, ఏ గుడి, ఓడలో గ్రంథాలయం, సంగీత వాద్యాలు, డాక్టరు, దరఖాస్తుదారులను పరిశీలించి ఒప్పుకునే కమిటీ, అన్నీ ఉంటాయి. దస్తావేజు ముక్కను కథలో పెట్టడం రచయితకు ప్రమాదమే, పాఠకుడు పేజీ తిప్పేస్తాడు. ట్వేన్ ఆ ప్రమాదం తెలిసే తీసుకున్నాడు. విహారయాత్రలో మొదటి మజిలీ రేవు కాదు, కరపత్రం. అది చదువుతున్నంతసేపూ మనిషి అప్పుడే సముద్రం మీద ఉంటాడు. పాఠకుణ్ని కూడా అదే కాగితం చదివించి, అదే ఆశలో నిలబెట్టాడు. ఆ తర్వాత ఆశను ఒక్కొక్క మెట్టే దించుతాడు. బీచర్ స్వయంగా వస్తాడన్నారు, ఆయన రాలేదు. అంతర్యుద్ధంలో గెలిచిన జనరల్ షెర్మన్ వస్తాడన్నారు, ఆయనా రాలేదు. పేరున్న ఒక నటి జాబితాలో చేరింది, తర్వాత తప్పుకుంది. ఈ వార్తలు చెప్పేటప్పుడు ట్వేన్ ఎవరినీ నిందించడు, పెద్దగా నిట్టూర్చడు. ఒకటి తర్వాత ఒకటి వరసలో పెడతాడు, అంతే. పెద్దవాళ్ల పక్కన కూర్చుని ప్రయాణం చేస్తామన్న ఊహ కరిగి, చివరికి మామూలు మనుషులమే మిగిలామన్న అవగాహన మనకు నెమ్మదిగా కలుగుతుంది.

ఆ వెంటనే వచ్చే చిన్న సన్నివేశం నాకు చాలా ఇష్టం. 1867లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరుగుతోంది, అమెరికాలో డబ్బున్నవాళ్లందరి నోటా పారిస్ మాటే. ఓడలో తోటి ప్రయాణికుడైన బ్లూచర్ న్యూయార్క్ కొట్లో ఏదో కొన్నాడు, చిల్లర సర్దుబాటు కాలేదు. మిగతాది పారిస్‌లో ఇస్తానంటాడు కొట్టువాడితో. తాను పారిస్ వెళ్లడం లేదంటాడు కొట్టువాడు. బ్లూచర్‌కు ఆ మాట బుర్రకెక్కదు, మరైతే ఎక్కడికి వెళ్తున్నావని అడుగుతాడు. ఎక్కడికీ వెళ్లడం లేదని జవాబు. కొన్న వస్తువు పట్టుకుని బ్లూచర్ నొచ్చుకున్న ముఖంతో నడిచిపోతాడు. సన్నివేశం దాదాపు ఇంతే. దేశమంతా ప్రయాణపు పిచ్చిలో ఉందని చెప్పడానికి ఇంకో రచయిత రెండు పేజీల వ్యాఖ్యానం రాస్తాడు. ట్వేన్ ఆ వ్యాఖ్యానమంతా ఒక కొట్టులో, ఇద్దరి మాటల్లో ఇమిడ్చాడు. ఇంట్లోనే ఉండిపోయే మనిషి ఒకడు ఇంకా ఉన్నాడన్న సంగతి ప్రయాణికుడికి నమ్మలేని వింతగా తోచే క్షణం అది. ఓడ ఎక్కబోతున్న మనిషి లోకం ఎంత చిన్నదైపోతుందో అందులో తెలిసిపోతుంది.

ఓడ సముద్రంలో పడ్డాక పనితనం ఇంకా సన్నబడుతుంది. అలలు లేచాయి, కడుపులో తిప్పడం మొదలైంది. దీన్ని వర్ణించడానికి ట్వేన్ ఒక్క పద్ధతి పట్టుకున్నాడు. తాను బాగానే ఉన్నాడు, దాంతో గర్వంగా ఉన్నాడు. డెక్కు మీద గది తలుపు తెరుచుకుని ఒక పెద్దాయన తూలుతూ వచ్చి మీద పడతాడు. శుభోదయం, ఎంత మంచి రోజు అని పలకరిస్తే ఆయన పొట్ట పట్టుకుని ఒక మూలుగు మూలిగి తూలిపోతాడు. ఇంకో తలుపు, ఇంకో పెద్దాయన, అదే పలకరింపు, అదే మూలుగు. మళ్లీ ఇంకొకరు. వాంతుల గురించి ఒక్క అసహ్యమైన మాట లేకుండా ఓడ ఊపు మొత్తం పాఠకుడి శరీరానికి తెలుస్తుంది, ఎందుకంటే ఆ వాక్యాలే ఒక లయలో ఇటూ అటూ ఊగుతాయి. పైగా పక్కవాళ్లు బాధపడుతుంటే తన కడుపు నిలకడగా ఉన్నందుకు మనిషికి కలిగే సంబరాన్ని దాచకుండా చెబుతాడు. సముద్రం మీద మొదటి రోజు ఆ సంబరం పడనివాళ్లు తక్కువ.

దాని వెంటే తిట్లు తినే ఘట్టం. ఒకచోట పొగ తాగుతుంటే ఇక్కడ తాగకూడదని ఒకడి కేక. దూరంగా ఓడ కనిపించిందని దుర్భిణి అందుకోబోతే ముట్టుకోవద్దని మరో కేక. చేతిలో చాకుతో రెయిలింగు గీస్తుంటే ఓడను ముక్కలు చేస్తున్నావా అని ఇంకొకడు. ఆ కసిరిన మనిషెవరని డెక్కు ఊడ్చేవాణ్ని అడిగినప్పుడల్లా ఎవరో ఒక కెప్టెన్ అని జవాబొస్తుంది. ఒక్క ఓడలో ఇంతమంది కెప్టెన్లేమిటని అమాయకుడు తికమకపడతాడు. ఇప్పుడు ఆ పైలట్ లైసెన్సు గుర్తు చేసుకోండి. ఓడ మీద ఎవరి అధికారం ఏమిటో, ఏ పరికరం దేనికో అతనికి తెలిసినంతగా ఆ ప్రయాణికుల్లో ఇంకెవరికీ తెలియదు. నది మీద అధికారంతో నిలబడిన రోజుల్లో తన గదిలోకి తొంగిచూసిన ప్రయాణికులను బహుశా తనే కసిరి ఉంటాడు. ఇప్పుడు ఆ కసరు వినే చోటికి తనను తాను మార్చుకున్నాడు. తెలిసినవాడే రాయగలిగిన తెలియనితనం ఇది. పొరపాటు చేయడానికి సరిగ్గా ఏ వస్తువులు ఎంచుకోవాలో అతనికి తెలుసు.

తర్వాత వచ్చేది రచయితకు అన్నిటికంటే కష్టమైన పని: ఏమీ జరగని రోజులు. న్యూయార్క్ నుంచి అజోర్స్ దాకా పది రోజులు, చుట్టూ నీళ్లే. ఇక్కడ ట్వేన్ తారీఖుల వారీగా నడవడు. రోజును ముక్కలు చేసి, ఒక్కో అలవాటును ఒక్కో పేరాలో పెడతాడు. ఉదయం గంటలు కొట్టగానే టిఫిను, నడక, చెక్క బిళ్లలను గళ్లలోకి నెట్టే ఆట, ఓడవాళ్ల మాటలు నేర్చుకుని వాటినే పలకాలన్న ప్రయాణికుల తాపత్రయం, సాయంత్రం ప్రార్థన. రాత్రి డెక్కు మీద లాంతర్ల వెలుగులో నాట్యం. ఓడ కుడికి ఒరిగితే నాట్యం చేసేవాళ్లంతా కుడి కమ్మీల మీదికి, ఎడమకు ఒరిగితే అందరూ ఎడమ వైపుకు. కొన్నాళ్లకు ఆ నాట్యం దానంతటదే ఆగిపోతుంది. ఒంటరి సముద్రంలో మనుషులు ఒక ఊరు కట్టుకుని, దానికి ఆచారాలు పెట్టుకుని, వాటిని మెల్లగా జారవిడిచే క్రమం ఇందులో ఉంది.

డైరీల కథ ఈ క్రమంలో మణి. భోజనం, ప్రార్థన అయ్యాక ఇరవై ముప్పై మంది ఊగే దీపాల కింద వరసగా కూర్చుని డైరీ రాస్తారు. జాక్ అనే కుర్రాడు రోజుకు పది పేజీల లెక్కన రాస్తూ, ఇది పూర్తయితే వెయ్యి డాలర్లు చేస్తుందని మురిసిపోతాడు. కొన్ని వారాల తర్వాత పారిస్‌లో అతన్ని డైరీ సంగతి అడిగితే, తను వేల పేజీలు వెనకబడిపోయానని, అందులో ఫ్రాన్సే లేదని, ఆ దేశాన్ని వదిలేసి కొత్తగా మొదలుపెడదామని ముందు అనుకున్నానని చెబుతాడు. జాక్ మాటలు చదువుతుంటే అతని మీద ప్రేమ కలుగుతుంది. అతని ఉత్సాహాన్ని ట్వేన్ మొదట పూర్తిగా ఎగరనిచ్చి, ఆ తర్వాతే దించాడు. ఎగరనివ్వకుండా దించి ఉంటే అది వెక్కిరింత అయ్యేది. పక్కనే, అవే దీపాల కింద, పత్రికకు బాకీ ఉన్న ఉత్తరాలు ఆపకుండా రాస్తున్న మనిషి ఈ మాటలు వింటున్నాడని గుర్తుంటే జాక్ డైరీకి ఇంకో లోతు వస్తుంది.

ప్రార్థన గురించి ఓడ అధికారి చేసే ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది. మనవాళ్లు రోజూ అనుకూలమైన గాలి కోసం దేవుణ్ని వేడుకుంటున్నారు. ఈ కాలంలో తూర్పుకు పోయే ఓడ మనదొక్కటే, పడమటికి వచ్చేవి వెయ్యి ఉన్నాయి. మనకు మంచి గాలి అంటే వాళ్లందరికీ ఎదురుగాలి. ఒక్క ఓడ కోసం వెయ్యి ఓడలకు కష్టం తెమ్మనడం ఏం ధర్మమని అతను అడుగుతాడు. భక్తిని గేలి చేయడం ఇందులో లేదు. సముద్రం మీద బతికేవాడి న్యాయం అది. అందరి ప్రయాణాలనూ ఒకే గాలి మోస్తుందని తెలిసినవాడి మాట. దాన్ని తన నోట కాకుండా ఓడ అధికారి నోట పెట్టడంలో ట్వేన్ తీర్పు ఉంది.

చంద్రుడు, గడియారం పక్కపక్కనే వస్తాయి. ప్రతి రాత్రీ ఒకే వేళకు చంద్రుడు ఒకేచోట కనిపిస్తున్నాడని, మనం తూర్పుకు పోతూ రోజుకు ఇరవై నిమిషాలు ముందుకు జరుగుతున్నందువల్ల చంద్రుడితో సమంగా నడుస్తున్నామని కథకుడు గంభీరంగా వివరిస్తాడు. చంద్రోదయం సగటున రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, ఇరవై నిమిషాలు దానికి చాలవు. ఆ లెక్కను అంత నిండైన నమ్మకంతో చెప్పించడం కథకుడి పాత్రలో భాగం. వెంటనే బ్లూచర్ వస్తాడు. ఇలినాయిలో 150 డాలర్లు పెట్టి కొన్న గడియారం రోజు రోజుకూ వెనకబడుతోంది. దాన్ని ఎంత వేగంగా తిప్పినా ఓడ గంటలు దాన్ని దాటిపోతున్నాయి. గడియారం చెడిందని బెంగపడి కెప్టెన్ దగ్గరికి పోతాడు. భూమి గుండ్రంగా ఉండటం, తూర్పుకు పోతే పొద్దు ముందే రావడం పుస్తకాల్లో అందరూ చదువుకున్నదే. అది తన జేబులోకి వచ్చి తనను కంగారు పెట్టినప్పుడు కానీ మనిషికి అర్థం కాదు. దూర ప్రయాణంలో శరీరానికి కలిగే ఆ వింత అనుభవాన్ని ఒక గడియారంతో చెప్పేశాడు.

అజోర్స్‌లో హోర్టా ఊరు చేరాక బ్లూచర్ తొమ్మిది మంది స్నేహితులకు విందు ఇస్తాడు. సారా, చుట్టలు, సందడి. బిల్లు వస్తుంది. ట్వేన్ ఆ బిల్లును ఒక్కొక్క పద్దు చదివిస్తాడు: పది భోజనాలు 6,000 రెయిస్, పాతిక చుట్టలు 2,500, పదకొండు సీసాల ద్రాక్షసారా 13,200, మొత్తం 21,700. బ్లూచర్ మొహం పాలిపోతుంది, పక్కన కూర్చున్నవాళ్లు మౌనమైపోతారు. చేతిలో ఉన్న డబ్బు ఇస్తానని, అంతకు మించి ఒక్క సెంటు కూడా ఇవ్వనని లేచి నిలబడతాడు. చివరికి తేలేదేమిటంటే వెయ్యి రెయిస్ ఒక డాలరు, విందుకు అయింది ఇరవై ఒక్క డాలర్ల డెబ్బై సెంట్లు. ఈ ఘట్టంలో హాస్యమంతా కూడికలో ఉంది. అంకెలు నిజంగా సరిపోతాయి. పాఠకుడు కూడా కూడుకుంటూ కంగారు పడేట్టు చేశాడు. కూడిక తప్పుగా వేసి ఉంటే సన్నివేశం కూలిపోయేది. ట్వేన్ అతిశయోక్తికి పేరున్న రచయిత, కానీ అతిశయోక్తిని నిలబెట్టే చోట ఎప్పుడూ ఒక ఖచ్చితమైన లెక్క ఉంచుతాడు.

ఇంత సాఫీగా చదువుకుపోయే పుస్తకం నిజానికి అతుకులతో తయారైంది. యాత్ర ముగిశాక ప్రచురణకర్త ఎలైషా బ్లిస్ పుస్తకం అడిగాడు. ఆల్టా పత్రిక ఆ ఉత్తరాలు తమవేనంది, ట్వేన్ 1868లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి హక్కులు తెచ్చుకున్నాడు. అక్కడే కూర్చుని రాతప్రతి తయారుచేశాడు, రచయిత బ్రెట్ హార్ట్ దాన్ని చదివి కత్తిరింపులు సూచించాడు. ఆల్టా ఉత్తరాల్లో బ్రౌన్ అనే కల్పిత తోడు ఉండేవాడు. మోటు మాటలు, అసభ్యమైన హాస్యం అన్నీ అతని నోటితో వచ్చేవి, కథకుడు పెద్దమనిషిలా మిగిలేవాడు. పుస్తకంలో బ్రౌన్‌ను పూర్తిగా తీసేశాడు. అతని మాటల్లో మంచివి కొన్ని బ్లూచర్‌కు, ఇతరులకు ఇచ్చాడు, కొన్ని తనే తీసుకున్నాడు. పాత చీరలు కలిపి బొంత కుట్టే అవ్వ రంగు పోయిన ముక్కను పక్కన పడేసి, బాగున్న ముక్కను ఎక్కడ వేస్తే కుదురుతుందో చూసుకున్నట్టు ఉంటుంది ఈ పని. బ్రౌన్ పోయాక జరిగిన మేలు పెద్దది. అమాయకత్వాన్ని ఇంకొకరి మీద తోసే వీలు పోయింది. తెల్లబోవడం, తప్పు చేయడం, మురిసిపోవడం అన్నీ 'నేను' మీదికి వచ్చాయి. నేను ముందు చెప్పిన ఆ చెక్కిన తొలిచూపు అక్కడే పూర్తి రూపం పొందింది.

ఉత్తరాల నుంచి యాత్రాగ్రంథం తయారవడం తెలుగువాళ్లకు తెలిసిన సంగతే. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి దారి విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపాడు. అవే 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయ్యాయి. ఆయన మజిలీ, దూరం, నీటి వసతి, బియ్యం దొరికే చోటు రాసుకుంటూ పోయాడు, వెనక వచ్చేవాడికి దారి చూపాలని. ట్వేన్ దారి చూపడు. దారిన పోయేవాడి మనసు చూపిస్తాడు. ఇద్దరి పనీ ఆయా అవసరానికి తగినట్టే ఉంది.

ఓడ జీవితపు అధ్యాయాల్లో నేను ఎవరికైనా ముందు చదివి వినిపించేది క్రిమియాలోని యాల్టా తర్వాతి భాగం. 1867 ఆగస్టులో యాత్రికులకు రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ దర్శనం దొరికింది. ఆయనకు సమర్పించిన అభినందన పత్రం ట్వేన్ రాసిందే. తాము విహారం కోసం తిరుగుతున్న కొద్దిమంది మామూలు అమెరికా పౌరులమని వినయంగా మొదలవుతుంది అది. దర్శనం అయింది, అందరూ గర్వంతో ఓడకు తిరిగొచ్చారు. ఆ రోజు నుంచి ఓడ కళాసీలు ఆ పత్రాన్ని పట్టుకున్నారు. వంటవాడొకడు రేకు గిన్నె కిరీటంగా పెట్టుకుని, మరకల టేబుల్ గుడ్డ కప్పుకుని చక్రవర్తి అవుతాడు, ఇంకొకడు పత్రం చదువుతాడు. కాపలా మారే వేళ పిలిస్తే కూడా ఆ వినయపు వాక్యాలతోనే జవాబు. పగలూ రాత్రీ తన రాతే తన చెవిలో పడి పడి, చివరికి ట్వేన్ దాన్ని వినలేని స్థితికి వస్తాడు. గమనించవలసింది ఇక్కడ వరస. చక్రవర్తి అధ్యాయాన్ని పూర్తి గౌరవంతో, ఎక్కడా తక్కువ చేయకుండా రాశాడు. ఆ గౌరవం నిలబడ్డాకే కింది డెక్కు మనుషులను రంగం మీదికి తెచ్చాడు. టికెట్టు కొన్నవాళ్లు చూసిన యాత్ర ఒకటి, ఆ ఓడను నడిపిన చేతులు చూసిన యాత్ర ఇంకొకటి. ఆ రెండోదానికి ఇచ్చిన ఈ కొన్ని పేజీలు పుస్తకానికి ఊపిరి పోశాయి.

గలిలయ సముద్రం దగ్గరి ఘట్టం ఇంకో మెట్టు పైన ఉంటుంది. బైబిల్లో చదివిన ఆ నీటి మీద పడవలో పోవాలన్నది భక్తులైన యాత్రికుల జీవితకాలపు కోరిక. ఎండలో గుర్రాల మీద వచ్చి ఒడ్డు చేరారు. ఒక పడవ కనిపించింది. ఎంతైనా ఇస్తామని అప్పటిదాకా అన్నవాళ్లు, పడవవాడు రెండు నెపోలియన్ నాణేలు అడగ్గానే ఒకటిస్తామన్నారు. పడవ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. పిలిచారు, అరిచారు, అడిగినంతా ఇస్తామన్నారు, అది ఆగలేదు. ఇక్కడ ట్వేన్ వాక్యాలు చిన్నవైపోతాయి, వ్యాఖ్యానం దాదాపు పోతుంది. ఎనిమిది డాలర్ల దగ్గర ఒక జీవితపు కోరిక జారిపోయిందని చూపడానికి అంతకంటే ఎక్కువ మాటలు అక్కరలేదని అతనికి తెలిసింది. మహాసముద్రం దాటి వచ్చినవాళ్లకు ఆ చిన్న సరస్సు మాత్రం దక్కలేదు.

అంతా ఇంత బాగుండదు. ఇంటింటికీ తిరిగి ముందే చందాలు పోగుచేసి అమ్మే పుస్తకం కాబట్టి లావుగా ఉండాలి. ఆరు వందల యాభైకి పైగా పేజీలు, రెండు వందలకు పైగా బొమ్మలు. ఇటలీ చిత్రశాలల దగ్గర కొన్ని పేజీలు నింపడం కోసమే ఉన్నాయని తెలిసిపోతుంది. అంతకంటే బాధ కలిగించేది టర్కీ, సిరియా, పాలస్తీనా ప్రజల గురించి రాసిన తీరు. ఓడలో తోటివాళ్ల బలహీనతలను అంత ఆదరంతో చూసిన కన్ను, ఆకలితో చేయి చాపిన పిల్లల ముందు కఠినమైపోతుంది. తొలిచూపుకున్న హద్దు అక్కడ కనిపిస్తుంది. కొత్తవాడి కళ్లతో చూడటం ఓడను, గడియారాన్ని, విందు బిల్లును వెలిగించింది. అదే చూపు, తరతరాలుగా ఒకచోట బతుకుతున్న మనుషుల మీద పడేసరికి పైపై మురికి దగ్గరే ఆగిపోయింది. ఆ పేజీలను వెనకేసుకు రావడం నాకు ఇష్టం లేదు.

1867 నవంబరు 19న ఓడ న్యూయార్క్ తిరిగొచ్చింది. వచ్చీరాగానే ట్వేన్ 'న్యూయార్క్ హెరాల్డ్'లో ఒక ఉత్తరం అచ్చేయించాడు. తోటి యాత్రికులు ముసలివాళ్లని, ముభావంగా ఉండేవాళ్లని, ఆ విహారం శవయాత్రలా సాగిందని కసిగా రాశాడు. యాత్రికులు నొచ్చుకున్నారు. రెండేళ్ల తర్వాత పుస్తకం వేసేటప్పుడు ఆ ఉత్తరాన్ని తీసేయవచ్చు, మెత్తబరచవచ్చు. అలా చేయలేదు. దాన్ని ఉన్నదున్నట్టు చివర పెట్టి, దాని తర్వాత ఏడాది గడిచాక రాసిన ముగింపు చేర్చాడు. చేదు సంగతులు ఒక్కొక్కటే మరుపుకొస్తున్నాయని, క్వేకర్ సిటీ మళ్లీ అదే దారిన బయల్దేరితే అదే కెప్టెన్‌తో, అదే మనుషులతో సంతోషంగా ఎక్కుతానని అందులో ఉంది. మజిలీ మజిలీకీ ఓడ మారి కొత్త ముఖాల మధ్య పడే బాధ లేకుండా, ఏ ఊరు చూసి అలసినా తిరిగి రావడానికి తెలిసిన ఓడ, తెలిసిన మనుషులు ఉండటం ఎంత హాయో చెబుతాడు. దిగిన రోజు తీర్పు, ఏడాది తర్వాతి తీర్పు రెండూ నిజమే. రెంటినీ కలిపి ఒకటి చేయకుండా, తేదీలతో సహా పక్కపక్కన వదిలాడు. విహారయాత్ర నుంచి వచ్చినవాళ్లను మర్నాడు అడిగితే ఒక మాట, ఏడాది పోయాక అడిగితే మరో మాట ఎందుకు చెబుతారో ఈ రెండు అధ్యాయాలు పక్కపక్కన చదివితే తెలుస్తుంది.

తొలి ఏడాదిలోనే దాదాపు 70,000 ప్రతులు అమ్ముడుపోయిన ఈ పుస్తకం ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. మొత్తం చదివే ఓపిక లేనివాళ్లు మొదటి ఏడు అధ్యాయాలూ విడవకుండా చదివి, అక్కడి నుంచి యాల్టాకు, గలిలయ ఒడ్డుకు, ఆ తర్వాత చివరి రెండు అధ్యాయాలకు వెళ్లవచ్చు. బొమ్మలున్న పాత ముద్రణ దొరికితే మరీ మంచిది. ట్రూ విలియమ్స్ గీసిన ప్రయాణికుల ముఖాలు చూస్తే, ట్వేన్ వాళ్లను ఎంత దగ్గరగా చూశాడో ఇంకొంచెం తెలుస్తుంది.